ఒక్క ఊపిరిలో ఎన్ని మాటలు

అంబులెన్సులో పని నేర్పేటప్పుడు మాకు మొదట చెప్పిన విషయాల్లో ఇదొకటి. ఆయాసంతో ఉన్న మనిషి కనిపించగానే యంత్రాల కోసం వెతక్కండి, ముందు మాట్లాడించండి. పేరు, ఊరు, పొద్దున ఏం తిన్నారు, ఏదో ఒకటి అడగండి. ఆగకుండా ఒక పూర్తి వాక్యం చెప్పగలిగితే కాస్త సమయం ఉన్నట్టు. రెండు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటుంటే సమయం లేనట్టు. తమిళనాడులోని ధర్మపురి చుట్టుపక్కల రోడ్ల మీద మూడేళ్ళు తిరిగాను. పెన్నాగరం దారిలో, పాలకోడు మార్కెట్ దగ్గర టమోటా ట్రాక్టర్ల మధ్య, హొగేనక్కల్ ఘాటు మలుపుల్లో ఎంతమందికి ఈ పరీక్ష పెట్టానో గుర్తు లేదు.

తర్వాత ఆ ఉద్యోగం వదిలి పై చదువు చదివి, ఒక వైద్య పరిశోధన బృందంలో చేరాను. బాలింతలు ఆసుపత్రికి ఆలస్యంగా ఎందుకు వస్తారో కనుక్కోవడం మా పని. ఇళ్ళకు వెళ్ళి అడిగి ఫారాలు నింపుతాను. అందులో ఒక ప్రశ్న, 'మొదటి లక్షణం ఎప్పుడు కనిపించింది?' చాలామంది 'తెలీలేదమ్మా' అనేవాళ్ళు. ఆ జవాబు రాసుకుంటున్నప్పుడు లోపల నాకు కొంచెం కోపం వచ్చేది. ఎట్లా తెలియకుండా పోతుంది అని.

పాప పుట్టాక, బాలింతలకు వచ్చే ఆ జబ్బుల్లో ఒకటి నాకూ వచ్చింది. పన్నెండు రోజులు నా పరీక్షలో నన్ను నేనే మోసం చేసుకున్నాను.

ఇది తెలుగులో రాయడానికి ఒక కారణం ఉంది. మా ఇంట్లో అందరం మాట్లాడేది తెలుగే, కానీ చదవడం నాకొక్కదానికే వచ్చు. డిగ్రీ చిత్తూరులో చదివాను కాబట్టి నేర్చుకున్నాను. అమ్మకూ మా ఆయనకూ తమిళ అక్షరాలే తెలుసు. వాళ్ళు చదవరని తెలిస్తేనే కొన్ని సంగతులు నా చేత రాయించుకుంటాయి. పాపను పడుకోబెట్టాక రోజుకు కొంచెం రాస్తున్నాను.

*మాసి నెల (ఫిబ్రవరి-మార్చి), కాన్పయ్యాక మొదటి పన్నెండు రోజులు*

కాన్పు సుఖంగానే అయింది. మూడో రోజు పెన్నాగరం పక్కన ఉన్న మా అమ్మవాళ్ళ ఊరికి వచ్చేశాం. అమ్మకు రెండు ఆవులు, కొన్ని మేకలు. మా ఆయనకు హోసూరు ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగం, ఆదివారాలు వచ్చి వెళ్ళేవాడు.

మా వాళ్ళలో బాలింతకు నీళ్ళు కొలిచి ఇస్తారు. కాచిన నీళ్ళు, పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు. ఎండలు అప్పుడే మొదలయ్యాయి, నాలుక పిడచకట్టుకుపోయేది. అమ్మతో వాదించాను. 'మేమంతా ఇట్లనే ఉంటిమి, చచ్చిపోయినామా' అంది. నా చదువు ఆ చెంబు ముందు ఓడిపోయింది. పోనీలే అనుకున్నాను, పదకొండు రోజులే కదా.

నాలుగో రోజు పడుకుంటే దగ్గు వచ్చింది. లేచి కూర్చుంటే తగ్గింది. ఒక దిండు రెండయింది, రెండు మూడయ్యాయి. ఎనిమిదో రోజుకు గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతున్నాను, ఒళ్ళో పాపతో. పాలకోసం అట్లా కూర్చుంటున్నానని అందరికీ చెప్పాను. కాళ్ళు వాచాయి. కాన్పయ్యాక అందరికీ వాస్తాయని చెప్పాను. స్నానాల గది దాకా నడిస్తే గుండె చెవుల్లో కొట్టుకునేది. రక్తం తక్కువ, మామూలే అని చెప్పాను.

ప్రతి పొద్దునా నా పరీక్ష నేనే పెట్టుకునేదాన్ని. ఒక వాక్యం బయటికి చెప్పడం, ఆగకుండా చెప్పగలిగానా లేదా చూసుకోవడం. ప్రతి రోజూ చెప్పగలిగాను. నాకు తెలియకుండా జరిగింది ఏమిటంటే, వాక్యమే చిన్నదయిపోతూ వచ్చింది. మొదటి రోజు 'ఈరోజు పాపకు నలుగు పెట్టి స్నానం చేయించాలి, అమ్మ మేకల దగ్గరికి పోకముందే' అన్నదాన్ని పదో రోజుకు 'పాప లేచింది' అంటున్నాను. అది ఒక్క ఊపిరిలో అయిపోయేది. పాసయ్యానని అనుకునేదాన్ని. ఈ పని తెలిసినవాళ్ళు మాత్రమే చేయగలిగిన తప్పు ఇది. పరీక్ష తెలియని మనిషయితే ఆయాసమని నేరుగా చెప్పేసేది.

అమ్మ కనిపెట్టింది. ఒక సాయంత్రం నీళ్ళ చెంబు ఇస్తూ నా ముఖం చూసింది.

'ఏమ్మే, నువ్వు మాట్లాడేదే మానేసినావు. పెండ్లింట్లో మైకుసెట్టు మాదిరి ఉంటివి. ఆసుపత్రికి పోయొద్దామా?'

'వద్దు' అన్నాను.

'నాలుగో దినం నుండి అడగతా ఉండాను.'

'మామూలేమ్మా.'

'చదివినదానివి. నువ్వు చెప్తే సరే' అని వెళ్ళిపోయింది.

నా ఆ రెండు జవాబులనూ ఇప్పుడు ఫారంలో రాయాల్సి వస్తే ఏ గడిలో రాయాలో నాకు తెలియదు.

పన్నెండో రోజు సెల్వం అన్న పాపను చూడడానికి వచ్చాడు. మూడేళ్ళు నేను ఎక్కిన అంబులెన్సు బండి ఆయనే నడిపాడు. ఆపిల్ పళ్ళు, పాపకు ఒక పసుపు గౌను తెచ్చాడు. వాకిట్లో కుర్చీ వేశాం. పాపకు నీ ముక్కు రాలేదు, అదృష్టవంతురాలు అని తమిళంలో వేళాకోళం చేశాడు. నేను నవ్వబోయి దగ్గాను. నవ్వుతున్న మనిషి ఆగిపోయి నన్ను చూశాడు. తర్వాత మామూలుగా, బండిలో రోగిని నేను అడిగే గొంతుతోనే, పేరు చెప్పమన్నాడు. నాన్న పేరు, ఊరి పేరు, పాప పుట్టిన వారం, అన్నీ కలిపి ఒకటే వరసలో.

'నా పేరు హేమ' అన్నాను. ఆగాను. నాన్న పేరు అన్నాను. మళ్ళీ ఆగాను. ఊరి పేరు దాకా రాలేకపోయాను.

సెల్వం అన్న ఫోన్ తీశాడు. వద్దన్నాను. బండిని ఇక్కడికి పిలిస్తే ఇంకెవరికో అవసరమైనప్పుడు ఉండదు, బస్సులో వెళ్దాం, అరగంటకొకటి ఉంది కదా అని ముక్కలు ముక్కలుగా చెప్పాను. నిజంగానే అట్లా అనుకున్నాను. ఆయన ఫోన్ చెవికి పెట్టుకునే, గొంతు పెంచకుండా, మూడేళ్ళు నువ్వు ఎక్కించిన వాళ్ళందరూ ఇదే మాట చెప్పారు, ఒక్కరి మాటయినా విన్నావా అన్నాడు.

అమ్మ వాకిట్లో కూర్చుండిపోయింది.

*బండిలో*

వచ్చిన టెక్నీషియన్ నాకంటే చిన్నపిల్ల. స్ట్రెచర్ మీద పడుకోబెట్టగానే మునిగిపోతున్నట్టయింది. రెండు చేతులతో లేవబోయాను. ఆ పిల్ల ఒక్క మాట అడగకుండా స్ట్రెచర్ వెనక భాగం పైకెత్తి, నా వీపు వెనక దుప్పటి మడిచి పెట్టింది.

అప్పుడు నాకు ఒక మనిషి గుర్తొచ్చింది. ఉద్యోగంలో మొదటి ఏడాది, హొగేనక్కల్ అవతల కొండ పల్లె నుంచి ఒక బాలింతను తెచ్చాం. దారి పొడుగునా ఆమె లేచి కూర్చోవాలని చూసింది. మలుపుల్లో పడిపోతుందని నేను భుజాలు పట్టి పడుకోబెట్టాను, బెల్టు బిగించాను. నా చెయ్యి పట్టుకుని తోసింది. పేషెంటు సహకరించడం లేదని రాశాను. ఆసుపత్రిలో అప్పగించి, బండి కడిగి, తర్వాతి కాల్‌కు వెళ్ళిపోయాం. ఆమె ఏమయిందో తెలియదు. అంబులెన్సులో పనిచేసే వాళ్ళకు ఏ కథ ముగింపూ తెలియదు, తలుపు దగ్గర అప్పగించడమే మన వంతు. నేను పరిశోధన వైపు రావడానికి కారణం అదేనని ఇంటర్వ్యూలో గొప్పగా చెప్పాను. ఆమె పేరు మాత్రం ఏ రిజిస్టరులోనూ వెతకలేదు. వెతికితే దొరుకుతుందేమోనని భయం.

ఆ రోజు బండిలో నా కాళ్ళ దగ్గర అమ్మ, అమ్మ ఒళ్ళో పాప. పాప నిద్రపోతోంది. నేను ఇప్పుడు పోతే దానికి నా గురించి ఏమీ గుర్తుండదు కదా అనుకున్నాను. వాసన కూడా. భయమంటే ఏమిటో అప్పటిదాకా నాకు తెలియదు. వేరేవాళ్ళ భయానికి పక్కన కూర్చోవడం మాత్రమే తెలుసు.

*ఆసుపత్రిలో తొమ్మిది రోజులు*

కాన్పు తర్వాత కొందరికి గుండె కండరం బలహీనపడుతుంది, నీకు అదే జరిగింది అని డాక్టరమ్మ చెప్పింది. ఆ జబ్బు పేరు నాకు తెలుసు. దాని మీద చదివాను. చదివిన వాక్యాలన్నీ ఆక్సిజన్ మాస్కుతో పడుకున్న నా మీదికి వరసగా వచ్చాయి. ఎంతమంది కోలుకుంటారు, ఎంతమంది కోలుకోరు. చదివినవి మరిచిపోవడానికి మందు లేదు.

చేర్చుకునేటప్పుడు ఒక కుర్ర డాక్టరు ఎప్పటినుంచి ఆయాసం అని అడిగాడు. 'నిన్నటినుంచి' అన్నాను. నా నోటి నుంచి ఎట్లా వచ్చిందో. బండి వెంటే వచ్చిన సెల్వం అన్న పక్కనే ఉన్నాడు, సిగ్గేసింది. కాసేపటికి నర్సును పిలిచి, నాలుగో రోజునుంచి అని దిద్దించాను.

మా ఆయన హోసూరు నుంచి డ్యూటీ బట్టలతోనే వచ్చాడు. ఐసీయూ తలుపు ఇంకా మూయలేదు. బయట ఆయన గొంతు వినిపించింది.

'నీళ్ళు కూడా కొలిచి ఇస్తిరి కదత్తా. పన్నెండు దినాలు కండ్లు మూసుకోనుంటిరా?'

అమ్మ జవాబు చెప్పలేదు. అమ్మ జవాబు చెప్పకపోవడం నేను అంతకుముందు వినలేదు. నిజం చెప్పాల్సింది నేను. మాస్కు ఉంది, మాట రాదు అని నాకు నేను చెప్పుకున్నాను. తర్వాత మాస్కు తీసేశారు. అప్పుడూ చెప్పలేదు.

మందుల వల్ల పాలివ్వకూడదన్నారు. పాలు ఆగడానికి మాత్ర ఇచ్చారు గానీ రెండు రోజులు రొమ్ములు రాళ్ళయ్యాయి. దూరంగా ఏ బిడ్డ ఏడ్చినా గౌను తడిసిపోయేది. వార్డు ఊడ్చే అక్క చూసి, ఎవరూ చెప్పకుండానే చల్లటి గుడ్డ తడిపి తెచ్చి పెట్టింది. నలుగురు బిడ్డల తల్లంట, ఒకటి దక్కలేదంట, అప్పుడు తనకూ ఇట్లాగే అయిందంట. ఆ ఒక్క మాట చెప్పి బక్కెట్ తీసుకుని పోయింది. రోజూ వచ్చేటప్పుడు బయట పాప పడుకుందా, లేచిందా చూసి నాకు చెప్పేది. డాక్టర్లు చెప్పే ఏ సంగతికంటే కూడా దానికోసమే ఎక్కువ ఎదురుచూశాను.

నిద్ర పోవడానికి భయపడ్డాను. కళ్ళు మూస్తే ఊపిరిని చూసుకునే మనిషి ఉండదని.

డాక్టరమ్మ ఇంటికి పంపేటప్పుడు మందులు, ఉప్పు, నడక అన్నీ చెప్పి చివర్లో నీళ్ళ సంగతి చెప్పింది. గుండె మీద భారం పడకుండా రోజుకు ఇంతే, కొలిచి తాగాలి అని సీసా చూపించింది. అమ్మ ఆ సీసాను చూసింది, మా ఆయనను చూసింది.

'నేనిస్తే తప్పు. డాక్టరమ్మ ఇస్తే మందు' అంది.

తొమ్మిది రోజుల తర్వాత అమ్మ నోట వచ్చిన మొదటి ఎత్తిపొడుపు అది. నాకు ఏడుపొచ్చేంత సంతోషం వేసింది. ఇది చదివేవాళ్ళు తప్పుగా అనుకోకూడదు, మామూలు బాలింతకు నీళ్ళు తగ్గించమని నేను చెప్పను. నా జబ్బుకు అది కారణం కాదని మాత్రం డాక్టరమ్మ చెప్పింది.

*పంగుని, చిత్తిరై (మార్చి నుంచి మే దాకా)*

మా ఆయన షిఫ్టు మార్చుకుని వారంలో నాలుగు రోజులు మా అమ్మవాళ్ళింటి నుంచే బస్సులో వెళ్ళేవాడు. నేను గోడకు ఆనుకుని కూర్చుంటే వచ్చి మణికట్టు పట్టుకునేవాడు. ఎంత ప్రేమ అనుకున్నాను. మూడో రోజు ఆయన కళ్ళు నా చేతి మీద కాదు, నా గుండె మీద చీర కదలడం మీద ఉన్నాయని చూశాను. ఊపిరి లెక్కపెడుతున్నామని తెలిస్తే మనిషి ఊపిరి మారిపోతుంది, అందుకని మేం నాడి చూస్తున్నట్టు చెయ్యి పట్టుకుని ఊపిరి లెక్కపెడతాం. పెళ్ళయిన కొత్తలో ఆ కిటుకు ఆయనకు నేనే చెప్పాను. తెలిసిపోయిందని నేను చెప్పలేదు. మామూలుగా ఊపిరి పీలుస్తున్నట్టు కూర్చోవడం ఎంత కష్టమో.

అమ్మతో ఆయన మాట్లాడడం లేదు. కావలసినంత మాత్రం. అన్నం పెడితే తినేవాడు, 'చాలత్తా' అనేవాడు, అంతే. అమ్మ నా వంక చూసేది కాదు. నాకు తెలుసు, నేను చెబుతానని ఎదురుచూస్తోంది. చెబితే ఆయన నన్ను చూసే చూపు మారుతుందని భయం. జబ్బు మనిషిని కాబట్టి నా మీద ఎవరూ కోప్పడడం లేదు. ఆ మర్యాద వదులుకోవడానికి ధైర్యం చాలలేదు. చావు భయం పక్కన ఇంత చిన్న భయం ఎట్లా బతికిందో తెలియదు, బతికింది.

ఒక శనివారం మందుల డబ్బా సర్దుతూ చెప్పేశాను. అమ్మ నాలుగో దినమే పిలిచింది, తర్వాత రోజూ పిలిచింది, నేనే మామూలని చెప్పి ఆపాను అని.

ఆయన మందుల డబ్బాకు మూత పెట్టాడు.

'నువ్వు చెప్తే నేను కూడా నమ్మి ఉందును' అన్నాడు. అంతే.

మర్నాడు పొద్దున అమ్మ పాలు పితికి క్యాను నింపుతుంటే పోయి కొట్టం దగ్గర నిలబడ్డాడు.

'ఇయ్యండత్తా, డెయిరీకి నేను పోసొస్తాను.'

'పేడ తొక్కితివి చూడప్పా. షూ కడుక్కోని పో' అంది అమ్మ, క్యాను అందిస్తూ.

క్షమాపణ అనే మాట మా ఇంట్లో ఎవరూ వాడరు.

ఇంకో కాన్పు వద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పిన సంగతి అత్తగారికి ఫోన్‌లో చెప్పడానికి కూడా ఇట్లాగే భయపడ్డాను. ఆవిడ, ఒకటి చాల్లే, నువ్వుంటే చాలు అంది. మనం భయపడి పెట్టుకున్న గోడల్లో కొన్ని కాగితపు గోడలే.

కొన్ని మాత్రం కావు. పాపను ఎత్తుకుని నాలుగు మెట్లెక్కితే ఇప్పటికీ ఆగాలి. ఆగినప్పుడల్లా ఇది అలుపా, అదా అని లోపల ఒక గొంతు అడుగుతుంది.

మీలో ఎవరయినా బాలింతలుంటే, ఇంట్లో బాలింత ఉంటే, ఇంతే చెబుతాను. వెల్లకిలా పడుకోలేక కూర్చుని నిద్రపోతుంటే అది అలవాటు కాదు. కాళ్ళ వాపుతో పాటు ఆయాసం ఉంటే అది బలహీనత అని సరిపెట్టుకోవద్దు. నీకు ఎట్లా ఉందని మనిషిని ఒక్కదాన్నే అడగొద్దు. ఆమె ఇదివరకు ఎట్లా మాట్లాడేదో తెలిసినవాళ్ళను కూడా అడగండి.

*ఆవణి (ఆగస్టు-సెప్టెంబరు)*

ఆరో నెలలో మళ్ళీ ఎకో తీయాలన్నారు. గుండె ఎంత బలంగా కొట్టుకుంటోందో అందులో తెలుస్తుంది. మూడో నెలలో చూసినప్పుడు ఆ బలం పెరిగిందిగానీ చాలదన్నారు. ఈసారి కూడా అక్కడే ఆగిపోయి ఉంటే ఇక ఎప్పటికీ అంతేనేమోనని నాకు భయం. ఆ మాట ఎవరూ చెప్పలేదు, నేను చదివాను.

ధర్మపురి ఆసుపత్రి హాల్లో ఇనుప కుర్చీల వరస. నా పక్కన పాలకోడు నుంచి వచ్చిన ఒక పెద్దామె, టమోటా మండీలో ముప్పై ఏళ్ళుగా గంపలు మోసిందంట. మా మాటలు విని తెలుగోళ్ళా అని తెలుగులోకి దిగింది. కొంగులోంచి వేరుశనక్కాయలు తీసి నా చేతిలో పోసింది.

'నీకేం కావల్ల? గుండె ఉందని రాసిస్తారు నీకు. నాకయితే లేదని రాసిస్తారు, నా మొగుడు ఎప్పుడో చెప్పినాడు.'

నవ్వాను. ఆమె పేరు పిలిచినప్పుడు లేచి వెళుతూ పాప తల మీద చెయ్యి పెట్టి వెళ్ళింది.

లోపల చీకటి గది, చల్లటి జెల్లు, తెర మీద బూడిద రంగులో నా గుండె. తెర వైపు చూడలేదు. తీస్తున్న అమ్మాయి ముఖం చూశాను. వేరేవాళ్ళ ముఖాల్లో చదువుకోవడం పాత ఉద్యోగం నేర్పింది. ఆ అమ్మాయి ముఖం ఏమీ చెప్పలేదు. మేం కూడా అట్లాగే ఉండేవాళ్ళం.

డాక్టరమ్మ కాగితం రెండుసార్లు చదివింది. బలం బాగా పెరిగింది, మామూలుకు కొంచెమే తక్కువ, మాత్రలు ఆపకూడదు అంది. ఇంకో కాన్పు సంగతి మళ్ళీ గుర్తుచేసింది. పాప బడికి పోయేదాకా ఉంటానా అని అడగాలని ఆరు నెలలుగా దాచుకున్న ప్రశ్న అడిగాను. ఆవిడ అవుననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. చీటీ మీద తర్వాత రావలసిన తారీఖు రాసి ఇచ్చింది.

మొదట్లో వారానికి రమ్మనేవాళ్ళు. తర్వాత రెండు వారాలు, తర్వాత నెల. చీటీ చూసి, తారీఖు తప్పు పడిందేమో అన్నాను. తప్పు కాదు, ఆరు నెలలే, మధ్యలో నాకు నీతో పనేముంది అంది.

బయటికి వచ్చి నడవాలో నిలబడిపోయాను. సంతోషపడాల్సిన చోటు అది, నాకు తెలుసు. కానీ చీటీ మళ్ళీ చదివాను. ఆరు నెలలు నన్ను ఎవరూ చూడరు. రాత్రులన్నీ నావే, ఊపిరంతా నాదే. ఎవరికీ అప్పగించడానికి లేదు.

అమ్మ పాపను చంకనేసుకుని ఎదురొచ్చింది. 'ఏమనె?'

'ఆరు నెల్ల తర్వాత రమ్మన్నారు.'

అమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. 'అట్లయితే సంక్రాంతి అయినాక తై నెలలో పాపకు చెవులు కుట్టించేద్దాం. మీ అన్నకు ఇప్పుడే చెప్పల్ల, వాని ఒళ్ళోనే కద కూచోబెట్టేది. నల్ల మేకపోతును అమ్మకుండా ఉంచుతా.'

'అమ్మా, అప్పటికి నేను...'

'అప్పటికి నువ్వు పట్టుచీర కట్టుకోని, బిడ్డ తల కదలకుండా పట్టుకోవల్ల. అది ఊరికే ఉండేదా? కాలెత్తి తంతుంది.'

బస్టాండు దాకా అమ్మ ఆ మాటలే చెప్పింది, ఎవరిని పిలవాలి, ఎవరిని పిలవకపోతే తప్పు పడతారు. పెన్నాగరం బస్సులో కిటికీ పక్కన సీటు నాకిచ్చి, పాపను ఒళ్ళో పెట్టి, మా అన్నకు ఫోన్ చేసింది. బస్సు రొదలో గట్టిగా అరుస్తూ నెల చెప్పేసింది. వారం కూడా చెప్పేసింది.

నాకు భయంగానే ఉంది. కానీ వద్దనలేదు.